పీజీకి ఉస్మానియానా, ఊరి దగ్గరి యూనివర్సిటీనా: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు

డిగ్రీ ఆఖరు సెమిస్టర్ దగ్గరపడగానే నల్లగొండ ఎన్జీ కాలేజీలోనైనా, మహబూబ్‌నగర్ ఎంవీఎస్‌లోనైనా ఒకటే ముచ్చట: ఓయూకు పోవాలా, ఇక్కడే ఉండాలా? ఓయూ 1918లో పుట్టింది. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, అంటే ఎంజీయూది 2007, పాలమూరు యూనివర్సిటీది 2008. తొంభై ఏళ్ల తేడా పేరులో కనబడుతుంది, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత చేతికి ఏం వస్తుందన్నది పేరు మీద కన్నా మూడింటి మీద ఆధారపడుతుంది: ఏ డిపార్ట్‌మెంట్, ఏ రకం సీటు, పడుకోవడానికి మంచం ఎక్కడ.

ఇంకో సంగతి మొదటే తెలిసి ఉండాలి. పెద్ద యూనివర్సిటీలో మిమ్మల్ని ఎవరూ అడగరు. క్లాసుకు రాలేదేమని ఇంటికి ఫోన్ పోదు. పక్క డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో వెనక బెంచీ మీద కూర్చున్నా ఎవరూ లేపరు. పెద్దచోట దొరికే మేలు, జరిగే నష్టం రెండూ ఇందులోంచే వస్తాయి. తనంతట తాను పోయి అడిగేవాళ్లకు ఓయూ గని. ఎవరో పిలిచి చెప్తారని చూసేవాళ్లకు అన్నెపర్తిలోని ఎంజీయూలోనో, బండమీదిపల్లిలోని పాలమూరు యూనివర్సిటీలోనో ఇరవై ముప్పై మంది ఉండే క్లాసే మేలు. అక్కడ సారుకు మీ పేరు తెలుస్తుంది.

సీటు ఎక్కడిదో ముందు తేల్చుకోండి

"ఓయూలో సీటొచ్చింది" అనే మాట వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. ఒకటి, ఆర్ట్స్ కాలేజీ, సైన్స్ కాలేజీ ఉన్న అసలు క్యాంపస్. రెండు, ఓయూ సొంతమే అయినా క్యాంపస్ బయట ఉండే కాలేజీలు: బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ, సైఫాబాద్ సైన్స్ పీజీ కాలేజీ, సికింద్రాబాద్ పీజీ కాలేజీ. మూడు, ఓయూకు అనుబంధంగా నడిచే ప్రైవేటు కాలేజీలు. మూడింటిలో ఎక్కడ చదివినా పట్టా మీద ఉస్మానియా పేరే ఉంటుంది. కానీ మూడో రకంలో క్యాంపస్ హాస్టల్ ఉండదు, మెయిన్ లైబ్రరీ అలవాటు కాదు, ప్రొఫెసర్ల పరిచయం ఉండదు. పేరు కోసం ఊరు విడిచి, మూడంతస్తుల బిల్డింగులో పీజీ చేసి వచ్చేవాళ్లు ఏటా కనబడతారు. దానికన్నా ఇంటి దగ్గరి యూనివర్సిటీ మెయిన్ క్యాంపస్ నూరుపాళ్లు నయం.

ఇక్కడా ఇలాంటి తికమకే ఉంది. పాలమూరు యూనివర్సిటీ మెయిన్ క్యాంపస్ రాయచూర్ రోడ్డు మీద బండమీదిపల్లి దగ్గర. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో ఉన్నవి పీజీ సెంటర్లు. ఇంటి నుంచి పోయి రావడానికి సెంటర్లు సౌకర్యమే గానీ, ల్యాబులు, పుస్తకాలు, సార్ల సంఖ్య మెయిన్ క్యాంపస్‌తో సమానమనుకోవద్దు. ఆప్షన్లు పెట్టేటప్పుడు యూనివర్సిటీ పేరు చూసి ఆగకుండా కాలేజీ పేరు, కోడు, ఊరు మూడూ చదవండి.

గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ దీంట్లోకి రాదు. అది కేంద్ర విశ్వవిద్యాలయం. దానికి కేంద్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ వేరుగా రాయాలి, దాని దరఖాస్తు తేదీలు కూడా చాలా ముందే అయిపోతాయి. ఓయూ పక్కనే తార్నాకలో ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) కూడా కేంద్రానిదే.

సీపీగెట్: ఒకటే పరీక్ష, ఆప్షన్లలోనే కిటుకు

ఓయూ, కాకతీయ, ఎంజీయూ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీలన్నింటికీ ఒకటే ప్రవేశ పరీక్ష, సీపీగెట్ (కామన్ పీజీ ఎంట్రన్స్ టెస్ట్). నిర్వహించేది ఓయూ. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు. ఎంఏ పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, హిస్టరీ లాంటి వాటికి బీకాం, బీఎస్సీ వాళ్లు కూడా రాయొచ్చు. ఎంఎస్సీకి మాత్రం డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి.

ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కించాలి, తర్వాత వెబ్ ఆప్షన్లు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "పోయినేడు ఈ ర్యాంకుకు క్యాంపస్ రాలేదట, పెట్టడం దండగ" అని మంచి ఆప్షన్ వదిలేస్తారు. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ పోతుంది. పైన రానిది పెట్టినంత మాత్రాన కింద వచ్చేది ఎటూ పోదు. కాబట్టి మీకు నిజంగా కావాల్సిన వరుసలోనే పెట్టండి. చేరే ఉద్దేశం లేని కాలేజీని మాత్రం జాబితాలో ఉంచొద్దు. అదే వచ్చి కూర్చుంటే ఆ విడత వృథా.

ఎంఎస్సీ కెమిస్ట్రీ కోరుకునే నల్లగొండ విద్యార్థికి మా లెక్కలో వరుస ఇలా ఉండాలి: ఓయూ క్యాంపస్ రెగ్యులర్, నిజాం లేదా సైఫాబాద్ రెగ్యులర్, ఎంజీయూ మెయిన్ క్యాంపస్ రెగ్యులర్. ఆ తర్వాతే పట్నంలో సెల్ఫ్ ఫైనాన్స్ (ఖర్చంతా విద్యార్థుల ఫీజుతోనే నడిచే) సీటు. చాలామంది చివరి రెండింటినీ తిప్పి పెడతారు, పేరు కోసం. సెల్ఫ్ ఫైనాన్స్ ఫీజు రెగ్యులర్ కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది, హాస్టల్ ఇస్తారన్న నమ్మకం లేదు, పాఠం చెప్పేది చాలాసార్లు అదే డిపార్ట్‌మెంట్ వాళ్లే. ఆ తేడా డబ్బుతో కొనేది ఏమిటో మాకైతే అర్థం కాదు.

రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, మొదటిది దానంతట అదే పోతుంది. "రెండూ చూసి ఒకటి ఎంచుకుంటా" అంటే కుదరదు. మొదటి సీటుతో తృప్తి ఉంటే రెండో విడత జోలికి పోకండి.

స్థానికత విషయంలో ఒక హెచ్చరిక. 85 శాతం సీట్లు తెలంగాణ స్థానికులకు. అందులో హైదరాబాద్ విద్యార్థికీ, అచ్చంపేట విద్యార్థికీ తేడా లేదు. చిక్కు వచ్చేది సరిహద్దు మండలాల్లో. అలంపూర్, గద్వాల పిల్లలు కర్నూలులో, కోదాడ, హుజూర్‌నగర్ పిల్లలు విజయవాడలో ఇంటర్ చదివి ఉంటే వరుస ఏళ్ల లెక్క తప్పుతుంది. ఏ తరగతి ఎక్కడ చదివారో కాగితం మీద రాసుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఇచ్చిన నియమంతో సరిపోల్చండి. గడిచిన 7 ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఎండాకాలం సెలవులకు ముందే బడి నుంచి, కాలేజీ నుంచి తెచ్చుకోండి. సెలవుల్లో హెడ్మాస్టర్ దొరకడు.

పైసల లెక్క

ఫీజు కన్నా బతుకు ఖర్చే పెద్దది. విద్యానగర్, అడిక్‌మెట్, నల్లకుంట, తార్నాక, హబ్సిగూడ చుట్టూ ప్రైవేటు హాస్టళ్లు గదిలో ఎంతమంది అన్నదాన్ని బట్టి సుమారు 5 వేల నుంచి 8 వేల దాకా తీసుకుంటాయి. నెలకు 6 వేలు వేసుకున్నా 10 నెలలకు 60 వేలు, రెండేళ్లకు లక్షా 20 వేలు. ఎంఏ ట్యూషన్ ఫీజు దీని ముందు చిల్లర.

అందుకే ఓయూ హాస్టల్ దొరకడమే అసలు ప్రశ్న. సీటొచ్చిన రోజే మంచం రాదు. అన్ని విడతల అడ్మిషన్లు ముగిశాక హాస్టళ్ల కేటాయింపు మొదలవుతుంది కాబట్టి మొదటి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరాలి. ఒక పీజీ అయిపోయి రెండోది చేసేవాళ్లకు హాస్టల్ కష్టం. మెస్సు బిల్లు నెల ఖర్చును తిన్నవాళ్ల మీద పంచి వేస్తారు, అందుకే నెల నెలా మారుతుంది. గది దొరకనివాళ్లు తెలిసినవాళ్ల గదిలో చాప వేసుకుని ఉండటం ఓయూలో పాత అలవాటే, వాళ్లను నాన్ బోర్డర్లంటారు. నాలుగు రోజులకైతే సరే. ఏడాదంతా ఆ ఆశ మీద బతికితే సామాను ఒకచోట, పుస్తకాలు ఒకచోట, చదువు ఎక్కడా ఉండదు.

స్కాలర్‌షిప్‌కు సర్కారు వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి:

- పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం. ఇంటిపేరు పొట్టిగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉన్నా ఆగుతుంది. దిద్దాల్సింది ఆధార్‌నే, మెమోను కాదు.
- బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోవడం. ఏళ్లుగా వాడని జీరో బ్యాలెన్స్ ఖాతా ఇవ్వొద్దు.
- పాత ఆదాయ సర్టిఫికెట్. మీసేవలో కొత్తది తీసుకోండి.
- హాజరు 75 శాతం లేకపోవడం.
- మిగిలిన సీట్లకు కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్‌లోనో, మేనేజ్‌మెంట్ కోటాలోనో చేరడం. అలా చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అదే స్థాయి కోర్సు రెండోసారి చేసినా రాదు.

సర్కారు నుంచి డబ్బు ఆలస్యం కావడం మామూలే. ఫీజు బాకీ ఉంటే కోర్సు అయ్యాక టీసీ ఆగుతుంది. రెగ్యులర్ సీటైతే ఆ బాకీ చేతి నుంచి కట్టి బయటపడొచ్చు. సెల్ఫ్ ఫైనాన్స్‌లో అయితే ఉద్యోగం వచ్చి కూడా సర్టిఫికెట్ల కోసం అప్పు చేయాలి.

ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో చెల్లదు. బస్సు ఉచితం కదా అని మహబూబ్‌నగర్ నుంచో నల్లగొండ నుంచో రోజూ పోయి రావాలనుకోవద్దు. దారి పోను వంద, రాను వంద కిలోమీటర్లు. మొదటి నెల బాగానే ఉంటుంది, రెండో నెల తొమ్మిదింటి క్లాసు పోతుంది, మూడో నెలలో హాజరు పడిపోతుంది. వారానికోసారి ఇంటికి రావడానికి మాత్రం ఇది గొప్ప వెసులుబాటు. పాలమూరు వాళ్లు కాచిగూడ దాకా రైల్లో వచ్చి ఎంఎంటీఎస్ పడితే జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు క్యాంపస్ అంచునే ఉంటాయి. నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్‌లో దిగి ఉప్పల్ మీదుగా తార్నాక బస్సెక్కితే ఎంజీబీఎస్ దాకా పోయి చుట్టి రావాల్సిన పని ఉండదు.

డిపార్ట్‌మెంట్‌ను చూసి రండి

ఆప్షన్లు పెట్టకముందే ఒకరోజు కేటాయించి రెండు యూనివర్సిటీలకూ పోయి రండి. సోమవారం, శనివారం వద్దు. వారం మధ్యలో, పొద్దున 11 గంటలప్పుడు. 1939లో ప్రారంభమైన ఆ రాతి ఆర్ట్స్ కాలేజీ ముందు ఫోటో దిగండి, దిగకుండా ఎవరు వస్తారు గనక. తర్వాత లోపలికి పోయి అసలు పని చూడండి.

మొదట రెగ్యులర్ అధ్యాపకుల సంఖ్య. వెబ్‌సైట్‌లో ఉన్న జాబితాను నమ్మొద్దు, రిటైరైనవాళ్ల ఫోటోలు కూడా అలాగే ఉంటాయి. గదుల తలుపుల మీద పేర్లు చూడండి, తాళాలు ఎన్ని ఉన్నాయో చూడండి. రాష్ట్ర యూనివర్సిటీలన్నింటిలోనూ ఏళ్ల తరబడి ఖాళీలు నింపలేదు. ఓయూ దీనికి మినహాయింపు కాదు. చాలాచోట్ల బోధన బరువంతా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీదే ఉంది. వాళ్లు బాగా చెప్పరని కాదు, చాలామంది ప్రొఫెసర్ల కన్నా శ్రద్ధగా చెప్తారు. కానీ పీహెచ్‌డీ గైడ్ కావాలంటే రెగ్యులర్ పోస్టులో ఉన్నవాళ్లే చూసుకోవాలి. పరిశోధన మీ లక్ష్యమైతే ఈ లెక్క తప్పనిసరి, ఉద్యోగమే లక్ష్యమైతే దీనికంత తూకం ఇవ్వక్కర్లేదు.

తర్వాత సెకండియర్ విద్యార్థులను పట్టుకోండి. హెచ్ఓడీని అడిగితే అంతా బాగుందంటారు. పోయిన సెమిస్టర్‌లో ఏ పేపర్ సిలబస్ ఎంత మిగిలిపోయిందో, పరీక్ష ఎన్ని నెలలు ఆలస్యమైందో సెకండియర్ వాళ్లు చెప్తారు. సైన్స్ అయితే ల్యాబులో ఒక్కొక్కరికి ఒక బ్యూరెట్ ఉందా, నలుగురికి ఒకటా అని అడగండి. రికార్డు చూసి రాసినవాళ్లు ఇంటర్వ్యూలో టైట్రేషన్ దగ్గరే దొరికిపోతారు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు డిపార్ట్‌మెంట్‌లోనే చేయిస్తారా, బయట కంపెనీకి పంపుతారా, దానికి డబ్బు ఎవరు కడతారు అన్నదీ అడగాలి. సాయంత్రం ఆరింటికి ల్యాబుల్లో లైట్లు వెలుగుతున్నాయంటే అక్కడ పరిశోధన నడుస్తున్నట్టే.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు ఇంకోటి అడగాలి: పాఠం ఏ భాషలో చెప్తారు, పరీక్ష తెలుగులో రాయనిస్తారా? ఎంఏ సబ్జెక్టుల్లో చాలావాటికి రాయనిస్తారు గానీ, తెలుగులో మంచి పుస్తకం దొరకదు. చదవడం ఇంగ్లిష్‌లో, రాయడం తెలుగులో అయితే మొదటి సెమిస్టర్ అంతా అనువాదానికే పోతుంది. దానికి సిద్ధపడి రండి.

ఏ సబ్జెక్టుకు ఏది

కెమిస్ట్రీ వాళ్లకు ఊరి దగ్గరి యూనివర్సిటీ నష్టం కాదు. మందుల కంపెనీలు ఉన్నవి జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్, చిట్యాల రోడ్డు పొడవునా. క్వాలిటీ కంట్రోల్‌లో మొదటి ఉద్యోగానికి వాళ్లు చూసేది చేతి పని. పరిశోధన వైపు పోవాలంటే మాత్రం ఓయూ. ఆ చుట్టుపక్కలే జాతీయ పరిశోధన సంస్థలున్నాయి. తార్నాకలో ఐఐసీటీ, హబ్సిగూడ దారిలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ నడిచిపోయేంత దూరం. ప్రాజెక్టుకో, ఉపన్యాసానికో ఆ గేటు దాటే అవకాశం అన్నెపర్తిలో దొరకదు.

తెలుగు, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ వాళ్లకు ఓయూ లైబ్రరీ ఒక్కటే చాలు కారణంగా. జిల్లాలో ఎక్కడా దొరకని పాత పుస్తకాలు, పత్రికలు అక్కడ ఉంటాయి. ఎంబీఏ, ఎంసీఏ వాళ్లది వేరే దారి, వాటికి ఐసెట్ రాయాలి.

గ్రూప్స్ కోసమే ఓయూకు వచ్చేవాళ్ల సంగతి ప్రత్యేకం. హాస్టల్ గది, రీడింగ్ రూమ్, కలిసి చదివే సోపతిగాళ్లు, పాత నోట్సు: గ్రూప్స్‌కు ఇంతకన్నా చవకైన చోటు హైదరాబాద్‌లో లేదు. ఎంఏ ఒక సాకుగా మారుతుందన్నదే తంటా. రెండేళ్లు పోతాయి, నోటిఫికేషన్ రాదు, మార్కులూ రావు. ఒక పని చేయండి: గ్రూప్స్‌లో పనికొచ్చే సబ్జెక్టులోనే ఎంఏ చేరి, రెండో ఏడాదిలోనే యూజీసీ లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఆఖరు ఏడాదివాళ్లు రాయొచ్చు. దాంట్లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, పైగా పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష అక్కర్లేకుండా దారి. లెక్చరర్ కొలువుకు రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష టీజీ సెట్ కూడా ఉంది, దాన్నీ ఓయూనే నడుపుతుంది.

డిగ్రీకే హైదరాబాద్ పోదామనుకునే ఇంటర్ పిల్లలకు మా మాట: వద్దు. డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో 200 రూపాయలతో రిజిస్టర్ చేసుకుని ఎన్జీ, ఎంవీఎస్, జడ్చర్ల బీఆర్ఆర్ లాంటి సర్కారు కాలేజీలో చేరండి. ఆ మూడేళ్ల హాస్టల్ డబ్బు పీజీకి మిగులుతుంది. నిజాం కాలేజీలో సీటు వచ్చి, హాస్టల్ కూడా దొరికితేనే ఈ మాట పక్కన పెట్టొచ్చు.

చేరాక మొదటి నెల, ఆ తర్వాత ఆఫీసు పనులు

మొదటి వారంలో గుర్తింపు కార్డు, లైబ్రరీ కార్డు. రెండో వారంలో ఒక్క ప్రొఫెసర్ దగ్గరికి పోయి, ఏ ఊరు, ఏం చేయాలనుకుంటున్నారో రెండు నిమిషాల్లో చెప్పండి. పిలిస్తే పోదామని కూర్చుంటే నాలుగు సెమిస్టర్లు గడుస్తాయి. హాజరు 75 శాతం ఉండాలి. 65కు పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్, జరిమానాతో గట్టెక్కుతారు, ఇంకా తగ్గితే సెమిస్టర్ పోతుంది. ఓయూలో మీ హాజరు ఎంతో మీరే లెక్క పెట్టుకోవాలి, పరీక్ష ఫీజు కట్టే రోజుదాకా ఎవరూ చెప్పరు.

ధర్నాలు, ర్యాలీలు ఉంటాయి. తెలంగాణ ఉద్యమం నడిచిన గడ్డ అది, ఆ గాలి పోదు. వినండి, మాట్లాడండి. ఏం జరిగినా పోలీసు కేసు మాత్రం మీద పడకుండా చూసుకోండి, సర్కారు కొలువులో వెరిఫికేషన్ దగ్గర అది అడ్డం నిలుస్తుంది. ర్యాగింగ్ ఎదురైతే యూజీసీ ఉచిత నంబర్ 1800-180-5522.

సర్టిఫికెట్ల పనిలో చిన్న యూనివర్సిటీదే పైచేయి. ఎంజీయూలో పొద్దున పోతే పగటికల్లా తేలే పనికి ఓయూ పరీక్షల విభాగంలో రెండు మూడు తిరుగుళ్లు పడతాయి. కొల్లాపూర్ నుంచో, దేవరకొండ నుంచో ఒక్కో తిరుగుడు ఒక్కో రోజు. కాబట్టి బయల్దేరకముందే ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ప్రింట్ తీసుకోండి. అన్ని మెమోలకూ రెండేసి జిరాక్సులు, పదో తరగతి మెమో, ఆధార్, హాల్‌టికెట్ నంబర్ వెంట ఉండాలి. పదకొండు దాటకముందే కౌంటర్ దగ్గర ఉండండి. కాగితం ఇచ్చాక దరఖాస్తు నంబర్ రాయించుకోకుండా కదలొద్దు, రెండోసారి పోయినప్పుడు ఆ నంబర్ లేకపోతే మొదటికి వస్తుంది.

పాలమూరు, ఎంజీయూ పరిధిలో డిగ్రీ చేసి ఓయూలో చేరేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. చేరే రోజు గుర్తొస్తే చేసేదేం లేదు. ఆఖరు సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారంలోనే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, మైగ్రేషన్ మూడింటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టండి. టీసీ ఒరిజినల్ ఇచ్చేముందు నాలుగు జిరాక్సులు తీసి, ఫోన్‌లో ఫోటో కూడా పెట్టుకోండి. ఒకసారి కాలేజీ ఫైల్లోకి పోయాక అది మళ్లీ మీ చేతికొచ్చేది రెండేళ్ల తర్వాతే.